ముంపు పటం పంచాయతీ గోడ మీదికి రావాలి

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో 43, 48, 53. వానాకాలం వచ్చిందంటే ఈ అంకెలు టీవీల్లోనూ సెల్‌ఫోన్ మెసేజీల్లోనూ తిరుగుతూనే ఉంటాయి. గోదావరి ఒడ్డున బడిపిల్లలకు కూడా ఇవి కంఠతా వచ్చు. కానీ పి.గన్నవరం మండలంలో ఏదో ఒక లంకలో రెండెకరాల అరటితోట కౌలుకు చేసుకునే రైతుకు ఆ అంకెతో ఏం పని? ధవళేశ్వరం దగ్గర 13.75 అయితే తన తోటలో ఎంత లోతు నిలుస్తుంది, ఎన్ని గంటలకు వస్తుంది, గేదెల్ని తోలుకుపోయే దారి ఎప్పుడు మునుగుతుంది, ఆయనకు తెలియాల్సింది ఇది. ఆ సంగతి ఏ మెసేజీలోనూ ఉండదు. బ్యారేజీ దగ్గర కొలబద్ద మీద ఎన్ని అడుగులో చెబుతారు. చేలో ఎన్ని అడుగులో ఎవరూ చెప్పరు.

ఈ రెండు అడుగులనూ కలిపేది పటం. నదిలో ఇంత నీరు వస్తే ఏ గ్రామంలో ఏ సర్వే నంబరు దాకా మునుగుతుందో చూపే ముంపు పటం. అది గీయడం ఈ దేశానికి చేతకాని పనేం కాదు. అది గీసే సంస్థ మన పక్కనే, హైదరాబాద్ బాలానగర్‌లోనే ఉంది. ఇస్రో కింద పనిచేసే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వరద వచ్చిన ప్రతిసారీ ఉపగ్రహ చిత్రాలతో ముంపు పటాలు తయారుచేసి రాష్ట్ర ప్రభుత్వాలకు పంపుతోంది. 1998 నుంచి 2022 దాకా దేశంలో ఎక్కడెక్కడ నీరు నిలిచిందో లెక్కగట్టి 2023లో ఒక అట్లాసే అచ్చువేశారు. కేంద్ర జలసంఘం నదుల మీద నీటిమట్టాలు కొలిచి ముందస్తు అంచనాలు ఇస్తుంది. విపత్తుల నిర్వహణ సంస్థకు కంట్రోల్ రూములున్నాయి, గోడంత తెరలున్నాయి. ముఖ్యమంత్రి సమీక్ష జరిగినప్పుడు ఆ తెర మీద నీలం, ఎరుపు రంగుల్లో పటాలు మెరవడం మనం పేపర్లో ఫొటోల్లో చూస్తూనే ఉన్నాం.

ఆ పటం తెర మీద నుంచి ఊళ్ళోకి దిగదు. సచివాలయం గోడ మీద పథకాల పోస్టర్లుంటాయి, నాయకుల బొమ్మలుంటాయి. ఈ ఊరు ఎంత వరదకు ఎక్కడిదాకా మునుగుతుందో చూపే ఒక్క కాగితం ఉందేమో వెతికి చూడండి. రైతు సేవా కేంద్రంలో అడగండి, వీఆర్వోను అడగండి. జిల్లా విపత్తు ప్రణాళిక అని ఒకటుంటుందట, కలెక్టరేట్లో ఏదో బీరువాలో. 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాలో ఏయే ప్రాంతాలకు ఏ ముప్పు ఉందో ఆ ప్రణాళికలో గుర్తించి రాయాలి. రాసినది ఎవరి కోసం? మునిగేవాడికి చూపని పటం ఎవరిని కాపాడటానికి?

దీని ఖరీదు ఎంతో కడప జిల్లా ప్రజలకు తెలుసు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పైన పింఛా దగ్గర గండిపడి ఆ నీరూ తోడైంది. దిగువన పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు గ్రామాల మీదికి నీరు ఒక్కసారిగా వచ్చిపడింది. మనుషులు పోయారు, పశువులు కట్టుగొయ్యల దగ్గరే పోయాయి, పొలాల మీద ఇసుక మేట వేసింది. ఆ కట్ట తెగితే నీరు ఏ దారిన పోతుందో, ఏ ఊరికి ఎన్ని నిమిషాల్లో చేరుతుందో ముందే లెక్క వేయవచ్చు. నేల వాలు, కట్ట ఎత్తు, నిల్వ ఎంతో తెలిస్తే చాలు. ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు కంప్యూటర్ మీద చేసే పని అది. ఆ లెక్క ముందే వేసి ఆ ఊళ్ళ చేతిలో పెట్టి, కట్టకు ప్రమాదమని సైరన్ మోగితే ఫలానా మిట్టకు ఎక్కండి అని ఒక్కసారైనా నడిపించి చూపి ఉంటే ఎంతమంది బతికేవారో!

నెలన్నర తిరక్కముందే, 2021 డిసెంబరు 30 నుంచి, దేశంలో డ్యామ్ భద్రతా చట్టం అమల్లోకి వచ్చింది. పెద్ద ఆనకట్టలన్నిటికీ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారుచేయాలని, అందులో ముంపు పటాలూ హెచ్చరిక పద్ధతులూ ఉండాలని ఆ చట్టం చెబుతోంది. పాత డ్యాములకు ఇచ్చిన గడువు 5 ఏళ్ళు. మన మండలానికి ఎగువన ఉన్న డ్యాముకు ఆ ప్రణాళిక ఉందా అని ఇరిగేషన్ డివిజన్ ఆఫీసుకు వెళ్ళి అడిగే హక్కు మనకుంది. ఉందంటే అది ఆఫీసులో ఎందుకుంది, దిగువ గ్రామాల్లో ఎందుకు లేదు అన్నది రెండో ప్రశ్న. ఇక మన ఊరి చెరువులు, ఊరికి ఎగువన ఉన్న వేలాది చిన్న కట్టలు ఈ చట్టం కిందికే రావు. వాటి సంగతి దేవుడెరుగు.

రాష్ట్ర సరిహద్దు దగ్గర ఈ వ్యవహారం మరీ ఘోరం. 2024 జులైలో అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. డ్యాము ఉన్నది తెలంగాణలో. ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్ర వైపు. తెగిన నీళ్ళూ ఆంధ్ర వైపు వేలేరుపాడు, కుక్కునూరు మండలాల మీదికే వచ్చాయి. రెండు ప్రభుత్వాల పటాలూ సరిహద్దు గీత దగ్గర ఆగిపోతాయి. నీళ్ళకు ఆ గీత కనపడదు. ఆ ప్రాజెక్టు మరమ్మతు ఖర్చులో ఎవరి వాటా ఎంతో తేల్చుకోలేక ఏళ్ళు గడిపారు. సరే, డబ్బు దగ్గర తగవు వస్తుంది. కానీ కట్ట తెగితే దిగువన ఏ ఊరికి ఫోన్ చేయాలో రాసిపెట్టుకోవడానికి కూడా వాటాలు తేలాలా?

బుడమేరు సంగతి ఇంకొకటి. మైలవరం కొండల్లో పుట్టి, వెలగలేరు రెగ్యులేటర్ దాటి, బెజవాడ ఉత్తరం అంచున పారి కొల్లేరులో కలుస్తుంది. వరదను పట్నం మీదికి రాకుండా వెలగలేరు దగ్గర డైవర్షన్ ఛానల్లోకి మళ్ళించి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలపాలన్నది ఏర్పాటు. అది కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. అంటే కృష్ణకు భారీ వరద ఉన్న రోజున బుడమేరు నీరు కృష్ణలోకి దిగదు, వెనక్కి తంతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి ఉపగ్రహం అక్కర్లేదు, అక్కడి రైతు చెబుతాడు. 2005లో ఒకసారి మునిగాం కూడా. అయినా 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో రెండు వరదలూ ఒకేసారి వచ్చాయి. ఛానల్ గట్టుకు గండ్లు పడ్డాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి 2009 నాటి రికార్డు చెరిగిపోయింది. అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట జనం రోజుల తరబడి మేడల మీద నిలబడి నీళ్ళ ప్యాకెట్ల కోసం చేతులు చాచారు.

టీవీ కెమెరాలు సింగ్‌నగర్లోనే ఆగిపోయాయి. బుడమేరు అక్కడ ఆగలేదు. గన్నవరం వైపు నుంచి నందివాడ మండలం దాకా వరిచేలు, చేపల చెరువులు, ఊళ్ళు నీళ్ళలో ఉండిపోయాయి. పట్నంలో నీరు తగ్గిందని అధికారులు ఊపిరి పీల్చుకున్న రోజునే అక్కడ నీరు పెరిగింది. పట్నం నుంచి తగ్గిన నీరు ఎటు పోతుందనుకున్నారు? ఎగువ ఊళ్ళో తగ్గిన ప్రతి అడుగూ దిగువ ఊళ్ళో ఎప్పుడు ఎక్కుతుందో చెప్పే పట్టిక ఉంటే కనీసం ధాన్యం బస్తాలు మిద్దె ఎక్కించుకునేవారు, మోటార్లు విప్పుకునేవారు. మోటారు, స్టార్టరు, పైపులు కలిపి ఎంత అవుతుందో రైతుకు తెలుసు. పంట నష్టం లెక్కలో వాటికి గడి కూడా ఉండదు.

ఇదే ప్రాంతంలో, రాజధానికి ముంపు వస్తుందనుకున్నప్పుడు ఉండవల్లి దగ్గర కొండవీటి వాగు నీటిని కృష్ణలోకి ఎత్తిపోసే పంపులు పెట్టగలిగారు. మంచిదే. నేల మట్టాలు, వరద లెక్కలు చూసే కదా పెట్టింది? చేతకాక కాదు, ఎవరికోసం అన్నదే అసలు ప్రశ్న. డెల్టా మురుగు కాల్వల్లో తూడు, గుర్రపుడెక్క పేరుకుపోయి మూడు రోజుల వానకే చేలు మునిగే రైతు కోసం మాత్రం ఆ లెక్కలు ఎవరూ వేయరు.

వరద రాకముందు కనపడని పటం, వరద పోయాక మాత్రం ఊళ్ళోకి వస్తుంది. నష్టం రాసేటప్పుడు. ‘మీ సర్వే నంబరు ముంపులో చూపించడం లేదు’ అనే మాట ఈ మధ్య చాలాచోట్ల వినపడుతోంది. మేం టెక్నాలజీకి వ్యతిరేకం కాదు. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకునే మాట్లాడుతున్నాం. మబ్బులున్నప్పుడు మామూలు కెమెరా ఉపగ్రహానికి నేల కనపడదు. అందుకే రాడార్ ఉపగ్రహాలు వాడతారు. రాడార్ బొమ్మలో తేటగా నిలిచిన నీరు నల్లగా పడుతుంది. కానీ అరటి ఆకుల కింద, చెరకు తోటలో నిలిచిన నీటిని అది అంత తేలిగ్గా పట్టలేదు. పైగా ఉపగ్రహం మన నెత్తిమీదికి వచ్చిన గంటలో ఉన్న నీరే దానికి తెలుస్తుంది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు ఎలా వచ్చిందో చూశాం. అలాంటి ఏరు రాత్రి వచ్చి పొలంలో ఇసుక పోసి మర్నాటికి గట్టులోకి దిగిపోతే, రెండు రోజుల తర్వాత తీసిన బొమ్మలో ఏముంటుంది? ఏమీ ఉండదు. అసలు నీరు నిలిచిందా లేదా అన్నదొక్కటే కాదు, ఎన్ని రోజులు నిలిచింది, పంట ఏ దశలో ఉంది అన్నది నష్టాన్ని తేలుస్తుంది. పిలక దశలో ఉన్న వరి రెండు రోజులు మునిగి లేస్తుంది. పాలు పోసుకునే దశలో మునిగితే తాలే మిగులుతుంది. ఈ తేడా బొమ్మకు తెలియదు, రైతుకు తెలుసు.

2022లో ఖరారైన కేంద్ర నిబంధనల ప్రకారం 33 శాతానికి పైగా పంట పోతేనే పెట్టుబడి సాయం. వర్షాధారానికి హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, బహువార్షిక తోటలకు 22,500 రూపాయలు, అదీ 2 హెక్టార్లకు మించకుండా. ఇసుక మేట తీసుకోవడానికి హెక్టారుకు 18,000. ఇది ఏ మూలకు సరిపోతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ కాస్తకైనా రైతు పేరు జాబితాలో ఎక్కాలి. పటంలో భూమి కనపడుతుంది, సాగుదారు కనపడడు. సర్వే నంబరు మునిగిందని తేలితే డబ్బు పట్టాదారు ఖాతాలోకి పోతుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డుకు యజమాని సంతకం కావాలి. యజమాని సంతకం పెట్టడు, కార్డు రాదు, ఈ-క్రాప్‌లో పేరు ఎక్కదు. లంకల్లో, డెల్టాలో దున్నేది ఎక్కువగా కౌలురైతే అని తెలియని అధికారి ఉన్నాడా? ఎంత పదునైన ఉపగ్రహం తెచ్చినా ఈ అన్యాయం దాని కంటికి కనపడదు. ముంపు పటం పక్కన సాగుదారుల జాబితా లేకపోతే అది భూస్వామికి మరో ఆదాయ ధ్రువపత్రం మాత్రమే.

మా సభ్యుల్లోనే కొందరికి ముంపు పటం అంటే భయం. ‘పటంలో నా భూమి పడితే ధర పోతుంది, బ్యాంకు అప్పివ్వదు, రేపు ఖాళీ చేయమంటారు’ అంటారు. ఈ భయాన్ని కొట్టిపారేయడం లేదు, దానికి అనుభవం ఉంది. పోలవరం ముంపు మండలాలనే చూడండి. 41.15 మీటర్ల కాంటూరు అనీ 45.72 అనీ రెండు గీతలు గీశారు. మొదటి గీత లోపల ఉన్నవాడికి ముందు పరిహారం, బయట ఉన్నవాడు ఆగాలి. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు పోయింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరదలో మొదటి గీతకు బయట అని రాసిన ఊళ్ళూ మునిగాయి. మా ఊరు మునిగింది కదా, మమ్మల్ని కూడా చేర్చండి అని గిరిజనులు, రైతులు రోడ్డెక్కితే, తర్వాత లైడార్ సర్వే చేసి మరికొన్ని ఆవాసాలను మొదటి దశలో చేర్చాల్సి వచ్చింది. గీత తప్పని నీరు నిరూపించింది. నీరు చెప్పేదాకా గీత గీసినవారు ఒప్పుకోలేదు.

కొల్లేరులోనూ అంతే. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. ఆ కాంటూరు తన చేలో ఎక్కడ నడుస్తోందో చాలామంది చిన్నరైతులకు, సొసైటీల్లోని మత్స్యకారులకు 2006లో యంత్రాలు గట్టు మీదికి వచ్చాకే తెలిసింది. బడా చేపల చెరువుల వాళ్ళను వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు, బుడమేరు నీరు దిగకపోవడంలో వాళ్ళ గట్ల పాత్ర ఉంది. కానీ ఐదెకరాలవాడికీ ఐదు వందల ఎకరాలవాడికీ ఒకే గీత గీసి, ఆ గీత ముందు చూపించకుండా యంత్రాలు పంపితే, ఇక ఆ రైతు ఏ పటాన్ని నమ్ముతాడు?

వరద మైదానాల్లో ఎక్కడ ఏం కట్టవచ్చో తేల్చే చట్టం చేయండని కేంద్రం నమూనా బిల్లు రాష్ట్రాలకు పంపింది 1975లో. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్, అప్పటి జమ్మూ కశ్మీర్ చేశాయి. మిగతా రాష్ట్రాలు చేతులు ముడుచుకున్నాయి. ఆంధ్రా చేయలేదు, తెలంగాణా చేయలేదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. బుడమేరు పొడవునా వెంచర్లకు అనుమతులిచ్చిన చేతులు ఆ చట్టం మీద సంతకం పెడతాయా? అలాంటి చట్టం రావాలనే మేం కోరుతున్నాం. అయితే ఒక మాట స్పష్టంగా చెబుతున్నాం. వాగు పడకలో ప్లాట్లు వేసినవాడూ, తరతరాలుగా లంకలో కంద, పసుపు పండించేవాడూ ఒకటి కాదు. లంకరైతు వరదతో బతకడం నేర్చినవాడు. ఒండ్రు కోసం అతను వరదను కోరుకుంటాడు కూడా. అతన్ని లేపేయడానికి కాదు, వేళకు గట్టెక్కించడానికి పటం కావాలి. గ్రామసభ ఆమోదం లేకుండా ఏ ముంపు గీతనూ భూమి లాక్కోవడానికి వాడకూడదని ఆ చట్టంలోనే రాయాలి.

పటాలు బయటపెట్టమంటే అధికారులు చెప్పే సాకులు మూడు. దేశ భద్రత అంటారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రమే పటాల మీద ఆంక్షలు సడలించింది. ప్రైవేటు కంపెనీలు కూడా అనుమతుల బాదరబందీ లేకుండా మన నేలను కొలిచి అమ్ముకోవచ్చునంది. కంపెనీకి రహస్యం కానిది ఆ నేల దున్నేవాడికి రహస్యమా? జనం భయపడిపోతారంటారు. అర్ధరాత్రి నీళ్ళు మంచం కోళ్ళకు తగిలితే వచ్చే భయం కంటే ఇది ఎక్కువా? ఇక మూడోది, గ్రామాల స్థాయిలో కొలతలు లేవనడం. రీసర్వే పేరుతో 2020 డిసెంబరు నుంచి ఆంధ్రాలో వేల గ్రామాల మీద డ్రోన్లు ఎగరేశారు. ఆ ల్యాండ్ పార్సిల్ మ్యాపుల్లో తప్పులు దిద్దించుకోలేక ఎంతమంది తాసిల్దారు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారో అది వేరే వ్యాసం. కానీ డ్రోన్ తీసిన ఆ ఫొటోల నుంచే నేల ఎత్తుపల్లాలు కూడా లెక్కగట్టవచ్చు. పన్ను కోసం, హద్దు రాళ్ళ కోసం కొలిచిన నేలను ముంపు కోసం కొలవలేమంటే ఎవరు నమ్ముతారు?

అసలు కారణం వేరు. గోడ మీద పెట్టిన పటం సాక్ష్యం అవుతుంది. ఇన్ని లక్షల క్యూసెక్కులు వదిలితే ఫలానా ఊరు ఇన్ని గంటల్లో మునుగుతుందని ముందే రాసి పెట్టాక, ఆ ఊరికి కబురు చేయకుండా గేట్లు ఎత్తితే ఎవరు జవాబు చెప్పాలి? ఫలానా సర్వే నంబర్లు వాగు దారిలో ఉన్నాయని పటం చూపించాక, అదే సర్వే నంబర్లలో లేఅవుటుకు సంతకం చేసింది ఎవరు? పటం లేనంతకాలం ప్రతి వరదా ‘కనీవినీ ఎరుగని’ వరదే. ఆ మాట పాలకులకు చాలా సుఖంగా ఉంటుంది. గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులు చూసింది 1986లో. కన్నవాళ్ళు, విన్నవాళ్ళు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు.

మేం అడిగే పటం ఖరీదైనది కాదు. గ్రామ నక్షా మీద మూడు రంగుల గీతలు చాలు: మొదటి హెచ్చరికకు నీరు ఎక్కడిదాకా, రెండో దానికి ఎక్కడిదాకా, మూడో దానికి ఎక్కడిదాకా. ధవళేశ్వరమో భద్రాచలమో ప్రకాశం బ్యారేజీయో, ఆ ఊరికి ఏ కొలబద్ద వర్తిస్తే ఆ అడుగులు పక్కన తెలుగులో రాయాలి. అక్కడి నుంచి ఊరికి నీరు చేరే గంటలు రాయాలి. ముందు మునిగే రోడ్డు ఏదో, పడవ నిలిచే రేవు ఎక్కడో, పశువుల్ని తోలాల్సిన మిట్ట ఏదో, ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కడున్నాయో, మంచం పట్టిన ముసలివాళ్ళు, గర్భిణులు ఉన్న పేటలు ఏవో గుర్తు పెట్టాలి. మనుషుల పునరావాస కేంద్రం గురించి అందరూ మాట్లాడతారు, గడ్డి ఎక్కడ దొరుకుతుందో ఎవరూ రాయరు. పాడి గేదెను వదిలి రమ్మంటే రైతు రాడు. వరదల్లో ‘ఖాళీ చేయమన్నా వినలేదు’ అని అధికారులు రాసుకునే రిపోర్టుల్లో సగం కారణం ఇదే. వాతావరణ శాఖ జిల్లా మొత్తానికి ఒకే రంగు పూస్తుంది, ఎరుపో నారింజో. జిల్లాలో మెట్టా ఉంది, పల్లమూ ఉంది. ఊరి పటం లేకుండా ఆ రంగు రైతుకు సగం మాటే.

దీన్ని బాలానగర్ నుంచి ఒక్క మీట నొక్కి పంపించండి చాలు అని మేం అనడం లేదు. అక్కడ గీసిన గీతను ఊళ్ళో సరిచూడాలి. గట్టుకు ఎలుక బొరియ ఎక్కడుందో, ఏ తూము తలుపు తుప్పు పట్టి ఎత్తడం లేదో, ఏ కల్వర్టు కింద పూడిక నిండిందో పైనుంచి కనపడదు. ఒకప్పుడు ఇవన్నీ చెప్పడానికి కాల్వ మీద లస్కరు ఉండేవాడు. సైకిలు మీద గట్టు వెంట తిరిగి తన పరిధిలోని ప్రతి తూమునూ ఎరిగి ఉండేవాడు. రిటైరైన లస్కర్ల స్థానాలు నింపకుండా వదిలేసి, ఇప్పుడు డ్రోన్ చూసుకుంటుందంటున్నారు. డ్రోన్ తూము తలుపు ఎత్తుతుందా? జనంతో కలిసి పటం గీయడం కొత్త సంగతేం కాదు. కేరళలో 1990ల్లోనే శాస్త్ర సాహిత్య పరిషత్ కార్యకర్తలు శాస్త్రవేత్తలనూ గ్రామస్తులనూ కూర్చోబెట్టి పంచాయతీ వనరుల పటాలు గీయించారు. మన దగ్గర రచ్చబండ దగ్గర కూర్చునే పెద్దలకు, జాలరి పేటలో ఆడవాళ్ళకు ఊరి నీటి దారి తెలిసినంతగా ఏ కన్సల్టెన్సీకీ తెలియదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో వేలు పెట్టి చూపించేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు ఉండగానే రాసుకోవాలి.

ప్రభుత్వం పటం ఇచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. నదుల పక్క, వాగుల పక్క ఉన్న మన శాఖలన్నీ ఈ రెండు నెలల్లో ఒక పని చేయాలి. 2022లో, 2024లో మీ ఊళ్ళో నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఇంటింటికీ తిరిగి అడగండి. బడి గోడ మీద, కరెంటు స్తంభం మీద, రామాలయం అరుగు మీద ఆ మట్టం దగ్గర ఎర్ర రంగుతో గీత గీసి తేదీ వేయండి. తాసిల్దారు ఆఫీసులో గ్రామ నక్షా నకలు తీసుకుని, ఏ సర్వే నంబర్లో ఎంత లోతు, ఎన్ని రోజులు నిలిచిందో పెన్సిలుతో గుర్తు పెట్టండి. పెన్సిలే వాడండి, పక్కరైతు వచ్చి దిద్దుతాడు. పక్కనే అక్కడ అప్పుడు సాగు చేసింది ఎవరో, పట్టాదారు కాదు సాగుదారు, ఆ పేరు రాయండి. ఆ కాగితాన్ని గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించి, ఒక నకలు కలెక్టరుకు, ఒకటి ఇరిగేషన్ ఈఈకి ఇచ్చి రసీదు తీసుకోండి. అందిన నకళ్ళన్నీ జిల్లా కమిటీ ఒకచోట చేర్చుతుంది. డ్యాము ప్రణాళికల కోసం సమాచార హక్కు దరఖాస్తు నమూనా జిల్లా ఆఫీసులో సిద్ధంగా ఉంది, ఎగువన డ్యాము ఉన్న ప్రతి మండల కమిటీ ఒకటి తీసుకెళ్ళాలి.